తులసి గదికి లోపలి స్విచ్చి

రాజోలు,
మంగళవారం.

సౌభాగ్యవతి తులసికి,

నీ వీరబాబు రాస్తున్నది. ఇక్కడ హేమ, మా అక్క సత్యదుర్గ, నేను ముగ్గురం కులాసా. అక్కడ నువ్వు కూడా వేళకింత తిని, నడుంనొప్పి తగ్గి, బాగున్నావనే తలుస్తున్నాను. ఒంట్లో కులాసాయే గాని నా మనసు మాత్రం పది రోజులుగా బాగోలేదు. కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. చేసిందంతా నేనే. అది చెప్పుకోవడానికే ఈ ఉత్తరం. కాని ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాసి, ఆ తర్వాత అందులోకి వస్తాను. ఒక్కసారిగా దిగేంత ధైర్యం నాకు లేదని నీకు తెలుసు.

అక్కడ నీ పక్కింట్లో పనిచేసే చిన్నతల్లి సెలవుకని కువైట్ నుంచి దిగిన రోజే మన ఇంటికొచ్చి నీ ఉత్తరం, హేమ గౌను, అక్కకు పంపిన నూనె సీసా చేతికిచ్చింది. గౌను హేమకు చీలమండల దాకా వచ్చింది. వచ్చే ఏడాదికి సరిపోతుంది, దాచవే అంటే వినలేదు. ఒంటిపూట బడి కదా, మధ్యాహ్నం నుంచి ఆ గౌనుతో వీధంతా ఊడ్చుకొచ్చింది. అలా మూడు రోజులు. నాలుగో రోజు అక్క కేకలేసి, విప్పించి ఉతికింది. చిన్నతల్లి సెలవు ఈ వారంతో అయిపోతోంది. శుక్రవారం ప్రయాణం. ఆవిడ పెట్టెలో చింతకాయ పచ్చడి, కొబ్బరి లౌజు, ఆ రెండిటి మధ్య ఈ ఉత్తరం పెడుతున్నాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని అనుకోకు. నువ్వూ అదే పని చేశావుగా. నీ చేతికి ఫోను వచ్చేది శుక్రవారం కాసేపు. ఆ కాసేపూ హేమ నా ఒళ్ళో కూర్చుని ఫోను లాక్కుంటుంది. వెనకనుంచి అక్క, ఏం కూర వండావమ్మా అని అడుగుతుంది. అందులో దూరి ఇలాంటి మాటలు చెప్పడం నావల్ల కాదు. పైగా చెప్పేటప్పుడు నీ మొహం చూడాల్సి వస్తుంది.

కొత్త ఇంటి వంటింట్లో గ్రైండరు సాకెట్టు ఏ వైపు పెట్టించారని అడిగావు. కుడివైపే. నువ్వు ఎడం చేత్తో పిండి తోస్తూ కుడి చేత్తో ఆపుతావని నాకు గుర్తుంది. పెద్ద సాకెట్టే వేయించాను, కుళాయి నీళ్ళు చిందనంత దూరంలో. ఫ్రిజ్జుకు విడిగా ఒకటి. హేమ చదువుకునే బల్ల దగ్గర లైటూ, చిన్న సాకెట్టూ. ఇప్పుడు కట్టే ఇళ్ళల్లో చూడ్డానికి బాగుంటుందని సాకెట్లు పాదాల దగ్గర పెడుతున్నారు. మనకది కుదరదు కదా. పాత ఇంటి గోడ మీద వరద నీళ్ళ చార ఇంకా అలాగే ఉంది. ఆ చార ఎత్తు కొలిచి, దానికి జానెడు పైనే అన్నీ ఉండాలని వీరేంద్రకు చెప్పాను. వీరేంద్ర అంటే మన ఇంటికి కరెంటు పని చేస్తున్న కుర్రాడు. నువ్వు వెళ్ళాక ఈ వీధిలోకి వచ్చాడు, నీకు తెలియదు. పని తెలిసినవాడు. మన ఉప్పుగాలికి మామూలు స్క్రూలు ఏడాదికే తుప్పు పడతాయని, తుప్పు పట్టనివి దగ్గరుండి కొనిపించాడు.

ప్లేట్లు, స్విచ్చులు కొనడానికి ఇద్దరం నా ఆటోలోనే అమలాపురం వెళ్ళాం. బంగారు అంచువి వద్దు, తెల్లటివే తెమ్మన్నావు. తెల్లటివే తెచ్చాను. నొక్కితే చప్పుడు కాకూడదు, హేమ ఉలిక్కిపడి లేస్తుందన్నావు. అందుకని కొట్లో చూపించడానికి బోర్డు మీద బిగించి ఉంచిన స్విచ్చులన్నిటినీ ఒక్కొక్కటే నొక్కి, చెవి ఆనించి విన్నాను. వెనక బేరాలు ఆగిపోయాయి. కొట్టాయన చూసి చూసి, "హార్మోనియం కొనడానికొచ్చేరేటండీ?" అన్నాడు. చివరికి మెత్తగా పడేది ఒకటి దొరికింది. ఇంటికొచ్చాక గాని గుర్తు రాలేదు, హేమకు ఇప్పుడు తొమ్మిదేళ్ళు. పక్కన బాజాలు మోగించినా లేవదు. నువ్వు వెళ్ళిననాటి హేమ కోసం కొన్నాం ఆ స్విచ్చులు. అయినా అవే ఉండనీ అన్నాను.

ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. "మన గదికి తెలుపు అనుకున్నాం కదండీ, ఫొటోలో గోడ లేత నీలంగా ఉందేంటి?" అని రాశావు. తులసీ, మన గది గోడ తెలుపే. నేను పంపిన ఫొటో మన గదిది కాదు.

అది అమలాపురంలో ఎవరిదో ఇల్లు. వీరేంద్ర అక్కడ కూడా పని చేస్తున్నాడు. ఏదో సామాను తీసుకోవడానికి ఆగితే నేనూ లోపలికి వెళ్ళాను. పడగ్గదిలో తలుపు పక్కన, నువ్వు చెప్పినట్టే లోపలి వైపు, తెల్లటి స్విచ్చులు వరసగా ఉన్నాయి. ఫోను తీసి ఫొటో కొట్టి, "ఇదిగో నీ గది" అని పంపేశాను. వీరేంద్ర చూశాడు.

నువ్వు ఇంటి విషయంలో గట్టిగా అడిగింది ఆ ఒక్కటే. వంటిల్లు మీ ఇష్టం, హాలు వదినగారి ఇష్టం, నా గదికి మాత్రం లైటు స్విచ్చి గదిలోపల ఉండాలి, నా భుజం ఎత్తున ఉండాలి అన్నావు. ఒకసారి కాదు, రెండు శుక్రవారాలు చెప్పావు. వీరేంద్ర కూడా లోపలి గోడ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. నేను ఆ గుర్తు చెరిపించి, అదే గోడకు అవతలి వైపు, హాల్లో పెట్టించాను. మన గదిలో లైటు వెయ్యాలన్నా ఆర్పాలన్నా హాల్లోకి రావాలి. అక్క అడిగితే వాస్తు అన్నాను. కరెంటు బోర్డు ఆగ్నేయం మూల ఉంటే మంచిదట అన్నాను. అక్క తల ఊపింది. లైటు వెలిగితే చాలు గాని ఎక్కడ నొక్కితే ఏమిటిలే అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ శుక్రవారం నువ్వు, స్విచ్చి పెట్టించేరా అని అడిగావు. పెట్టించాను అన్నాను. చూపించమంటే సిగ్నల్ లేదని ఫోను పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది. తర్వాతి శుక్రవారం మళ్ళీ అడుగుతావని భయపడి ముందే ఆ ఫొటో పంపాను. అక్కడితో తీరిపోయిందనుకున్నాను.

తర్వాత చిన్నతల్లి నీ ఉత్తరం తెచ్చింది. ఆటో స్టాండులో, వెనక సీట్లో కూర్చుని చదివాను. ఇంతవరకూ ఎప్పుడూ చెప్పని మాట రాశావు అందులో. నీ అక్షరాలే ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, నేను మర్చిపోలేదని నీకు తెలియడానికి.

"నేను పడుకునే గది మొదట్లో సామాన్ల గదిగా కట్టేరండీ. సామాన్ల గదికి స్విచ్చి బయటే కదా ఉంటుంది. పెద్దావిడ, అదే మేడమ్ వాళ్ళ అత్తగారు, పడుకోబోయే ముందు ఇల్లంతా తిరిగి, వెలుగుతున్న లైట్లన్నీ ఆర్పుకుంటూ పోతారు. నాదీ ఆర్పేస్తారు. ఒకోసారి జడ సగంలో ఉంటుంది. ఒకోసారి హేమ రాసిన కాగితం సగం చదివి ఉంటాను. ఆవిడ చెడ్డవారు కాదండీ, నాకు జ్వరమొస్తే మాత్ర తెచ్చిచ్చేరు. లోపల మనిషి ఉందని ఆవిడకి గుర్తుండదు, అంతే. నాలుగేళ్ళ నుంచి ఇలాగే. మొదట్లో బయటికొచ్చి మళ్ళీ వేసుకునేదాన్ని. ఇప్పుడు చీకట్లోనే జడ అల్లేసుకుంటున్నాను. మీరు పంపిన ఫొటో చిన్నతల్లికి చూపించేను. మా గది, నా స్విచ్చి అని చెప్పేను. మేడమ్ ఇంకో రెండేళ్ళు ఉండమన్నారు. ఆ ఫొటో చూసుకుని, ఉండనండీ అని చెప్పేశాను."

ఆ కింద, "ఫొటోలో ఎత్తు తెలియడం లేదు, ఈ దారం నా పాదం నుంచి భుజం దాకా కొలిచి తెంపేను, స్విచ్చి దానికి సరిపోయిందో లేదో చూడండి" అని రాసి, తెల్ల దారం చుట్టగా చుట్టి కాగితం మడతలో పెట్టావు.

ఇద్దరు బేరమొచ్చి మలికిపురం అన్నారు. రానన్నాను. దారం జేబులో పెట్టుకుని నేరుగా కొత్త ఇంటికి వెళ్ళాను. హేమ బడి నుంచి అప్పుడే వచ్చి నా వెనకే పరిగెత్తుకొచ్చింది. గది కిటికీలకు రంగు అంటకుండా పేపర్లు అంటించి ఉన్నాయి, మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేస్తే గాని లోపల కనిపించదు. హాల్లో స్విచ్చి నొక్కి లోపలికి వెళ్ళాను. దారం ఒక కొస కాలికింద తొక్కి, రెండో కొస గోడకు ఆనించాను. అక్కడేముంది, నున్నటి గోడ. నీ భుజం ఎంత ఎత్తులో ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది తులసీ. ఇంతకాలం నువ్వు ఇంకాస్త పొడుగనుకున్నాను.

అలా దారం పట్టుకుని ఉండగానే లైటు ఆరిపోయింది. హేమ హాల్లోంచి ఆర్పింది, ఆటకి. తలుపు కూడా దగ్గరగా వేసింది. వెయ్యవే అన్నాను. నవ్వింది. కాసేపాగి మళ్ళీ అడిగాను. "ఏమిస్తావో చెప్పు, అప్పుడు వేస్తాను" అంది. దానికేం తెలుసు. ఐస్‌ఫ్రూటు కొనిపెడతానన్నాను. "రెండు" అంది. రెండు కొంటానన్నాను. లైటు వేసింది, నేను బయటికి వచ్చాను. అది నా మొహం చూసి నవ్వు ఆపేసింది. కళ్ళల్లో సున్నం పడిందని చెప్పాను. నిండా అయిదు నిమిషాలు కాలేదు ఆ ఆట. నా ఇంట్లో నా కూతుర్ని, లైటు వెయ్యమ్మా అని బతిమాలుకున్నాను. నువ్వు నాలుగేళ్ళు.

ఇక్కడిదాకా రాసి, కలం పక్కన పెట్టి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఇంకా అసలు మాట రాయలేదు. ఇంతవరకూ చదివి నువ్వు, పోనీలే, వాస్తు చెప్పేరని భయపడ్డారు కాబోలు అనుకుంటావు. నువ్వు అలాగే అనుకుంటావు, నాకు తెలుసు. అనుకోకు. ఆగ్నేయం మాట నేను తర్వాత అతికించుకున్నది. అసలు ఆ గోడ ఆగ్నేయమే కాదు. వీరేంద్ర, తూర్పెటండీ అని అడిగితే నీళ్ళు నమిలాను.

జరిగింది చెబుతాను. గోడలకు కరెంటు పైపులు వేసే రోజున, వీధి చివర కొబ్బరి కొట్టు ధర్మరాజుగారు ఇల్లు చూడ్డానికి వచ్చారు. ఆయన వెంట టీ కొట్టు దగ్గర ఉండేవాళ్ళు ఇద్దరు ముగ్గురు. ఇల్లు బాగుందన్నారు. ఇంతలో వీరేంద్ర లోపల్నుంచి, "తులసక్కగారు స్విచ్చి లోపలే పెట్టమన్నారు కదండీ, గోడ కొట్టేస్తున్నానండీ" అని కేక వేశాడు. ధర్మరాజుగారు నా భుజం మీద చెయ్యి వేసి, "ఆటోకీ డ్రైవరువే, ఇంటికీ డ్రైవరువేనటయ్యా వీరబాబూ? ఓనరమ్మ కువైట్లో కూర్చుని ఎటు తిప్పమంటే అటు తిప్పుతున్నావు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే లోపలికి వెళ్ళి, వాళ్ళకు వినపడేలాగా, "లోపలొద్దు, బయట పెట్టు" అన్నాను. వీరేంద్ర ఇంకోసారి అడిగాడు. చెప్పింది చెయ్యమన్నాను.

అంతే తులసీ. వాస్తు లేదు, ఏమీ లేదు. నీ కష్టంతో లేచిన గోడ మీద నా మాట ఒక్కటైనా ఉండాలనిపించింది. ఎక్కడ చూసినా నువ్వు చెప్పినదే ఉంది. గ్రైండరు సాకెట్టు నువ్వు చెప్పిన చోట, తలుపులు నువ్వు చెప్పిన రంగు. వాళ్ళు అన్నారని కాదు, వాళ్ళు అనకముందే నాలో ఎక్కడో అది ఉంది. నువ్వు డబ్బు పంపిస్తున్నావు, నేను కడుతున్నాను, పదిమందీ ఇల్లు తులసిది అంటున్నారు. నాకు అది గుచ్చుకునేది. నీకు ఎప్పుడూ చెప్పలేదు. చెబితే నీకు నవ్వొచ్చేదో, ఏడుపొచ్చేదో. నా మగతనం చూపించుకోవడానికి నాకు ఇల్లు మొత్తం మీద దొరికింది నీ ఒక్క స్విచ్చి. చెరిపించాక, ఆ పూటంతా హాయిగా ఉంది నాకు. నీకు చెప్పకూడదనుకున్న మాట ఇదే. ఆ హాయి తల్చుకుంటే ఇప్పుడు తల ఎత్తుకోలేకపోతున్నాను.

హేమకు రెండు ఐస్‌ఫ్రూట్లు కొనిచ్చి, వీరేంద్ర దగ్గరికి వెళ్ళాను. ఆ బోర్డు లోపలికి మార్చాలంటే ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను. రంగులు కూడా అయిపోయాయి, గోడంతా తవ్వాలేమో, వారం పని అంటాడేమో అనుకున్నాను. "ఆయ్, గోడకి ఇటుపక్కది అటుపక్కకే కదండీ. అరగంట పనండీ" అన్నాడు. అరగంట పనికి నేను నీకు నెల రోజులు అబద్ధమాడాను.

గోడ నేనే కొట్టాను. వీరేంద్ర సుత్తి తీసుకోబోతే ఇవ్వలేదు. దారం పట్టి, నీ భుజం ఎత్తున గుర్తు పెట్టి, ఉలితో చెక్కాను. వంకరగా వచ్చిందని వాడు సరిచేశాడనుకో. చప్పుడు విని ధర్మరాజుగారు వచ్చి గుమ్మంలో నిలబడి, రంగులేసిన గోడ పగలగొడుతున్నావేంటయ్యా అన్నారు. అప్పుడు చెప్పాను. "డ్రైవర్నేనండీ. ఓనరమ్మ ఆపమన్న చోట ఆపకుండా దాటించేశాను. అందుకే వెనక్కి తిప్పుకుంటున్నాను" అన్నాను. దుమ్ము ముక్కులోకి పోతుంది, తువ్వాలు కట్టుకోమని చెప్పి ఆయన వెళ్ళిపోయారు. ఆయన మీద నాకేం కోపం లేదు. ఆయన అన్నారు, నేను చేశాను.

ఇప్పుడు స్విచ్చి లోపల ఉంది. హాలు వైపు కన్నం సిమెంటుతో పూడ్చాం. తెల్ల గోడ మీద అరచెయ్యంత మచ్చ కనిపిస్తోంది. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు అడుగుతారు, క్యాలెండరు తగిలించరా అంటోంది అక్క. తగిలించను. అడిగితే చెబుతాను.

ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి. స్విచ్చి మారిపోయింది కాబట్టి నీకు ఇదంతా రాయకపోయినా గడిచిపోయేది. ఫొటోలో రంగు అలా పడింది, గోడ తెలుపే, దారం సరిగ్గా సరిపోయింది అని రాసి ఊరుకోవచ్చు. అలాగే రాశాను కూడా. నిన్న పొద్దున్న ఆ ఉత్తరం చిన్నతల్లికి ఇచ్చేశాను. సాయంత్రం వెళ్ళి, మర్చిపోయినదొకటి రాయాలని వెనక్కి తెచ్చుకున్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. రెండేళ్ళు ఉండమన్న మేడమ్‌కు నువ్వు ఉండనని చెప్పింది ఆ ఫొటో చూసి. ఎవరిదో గది చూసి నువ్వు ఇంటికి రాకూడదు. వస్తే మన గదికి రావాలి, అందులో నేనేం చేశానో తెలిసి రావాలి.

ఇది చదివి, ఈయన మారడు, ఇంకో రెండేళ్ళు ఇక్కడే నయం అనిపిస్తే మేడమ్‌కు ఆ మాటే చెప్పు. నేను ఒక్క మాట అనను. హేమకు ఏం చెప్పాలో నేను చూసుకుంటాను. నాకు మాత్రం భయంగా ఉంది. ఈ ఉత్తరం చిన్నతల్లి చేతికిచ్చిన క్షణం నుంచి నువ్వు ఇది చదివి ఫోను చేసే పై వారం శుక్రవారం దాకా ఎలా ఉంటానో తెలియదు. రమ్మని అడిగే మొహం లేదు. అయినా అడుగుతున్నాను. వచ్చెయ్ తులసీ. మే నెలాఖరుకి నీ కాగితాలు అయిపోతాయన్నావు, జ్యేష్ఠంలో ముహూర్తం ఉందట. నువ్వు లేకుండా పాలు పొంగించను.

హేమ నీకు బొమ్మ గీసింది, ఇందులోనే పెట్టాను. ఇల్లు, ఆటో, అక్క, నేను. మరి అమ్మేదే అంటే, "అమ్మ గదిలో ఉంది, తలుపేసుకుంది" అంది.

నిన్న ప్లేటు బిగించాక వీరేంద్ర, పని చేస్తోందో లేదో చూడండీ అన్నాడు. నొక్కాను. చప్పుడు రాలేదు, లైటు వెలిగింది. ఆర్పడానికి మళ్ళీ చెయ్యి పెట్టి, తీసేశాను. అలాగే వదిలేసి, గదికి తాళం వేసి వచ్చాను. పగలనక రాత్రనక వెలుగుతోంది, కరెంటు దండగ కాదట్రా అని అక్క పొద్దున్నుంచి సాధిస్తోంది, ఆర్పేసి వస్తాను తాళం ఇమ్మంటోంది. తాళం నా మొలతాడుకు కట్టుకున్నాను. ఆ గదిలో లైటు ఇక బయటివాళ్ళెవరూ ఆర్పరు. నువ్వు వచ్చి, జడ పూర్తిగా అల్లుకుని, అప్పుడు ఆర్పుకో.

ఇట్లు,
నీ మాట దాటించి, తిరిగి తెచ్చిపెట్టిన
హేమ నాన్న,
వీరబాబు.